ఆరు గంటల బండి

మా హేమావతికి పుట్టుకతోనే భయం. ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసుకునే రకం. తంబళ్లపల్లె పక్క మెట్ట పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల. అంగళ్లు కాలేజీలో ఇంజనీరింగు చదివి, మదనపల్లెలో మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా పక్క కుర్చీలో చేరింది. "నీ నీడక్కూడా పాస్‌వర్డు పెట్టుకుంటావే" అని నేను ఏడిపించేదాన్ని.

మేం చేసేది పరాయి దేశంలోని ఒక డయాలసిస్ కేంద్రానికి క్యాలెండరు. ఏ రోగి ఎప్పుడు మిషన్ ఎక్కాలో, వాళ్లింటికి బండి ఎప్పుడు వెళ్లాలో అదే చెబుతుంది. ఆ పూట తప్పితే ఏమవుతుందో హేమకు ఒకరు చెప్పక్కర్లేదు. వాళ్ల నాన్న చెంగల్రాయుడు కుప్పంలో పెద్దకూతురి ఇంట్లో ఉండి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఒకసారి పూట తప్పి, ముఖం ఉబ్బి, ఊపిరాడక రాత్రంతా మంచంపట్టీ పట్టుకుని కూర్చున్నాడట. అప్పటినుంచి ప్రతి శనివారం ఈమే వెళ్లి ఆస్పత్రికి తీసుకెళ్లి, మళ్లీ ఇంటికి చేరుస్తుంది.

ఆ శనివారం మధ్యాహ్నం కుప్పం నుంచి ఫోను చేసింది.

"నీలిమా, సచ్చినానే. రేపు తెల్లారేసరికి ఆ దేశంలో గడియారాలు గంట ముందుకు తిప్పుతారంట. అంతా సరిగ్గా ఉండాదా అని ఇప్పుడే మెయిలు పెట్నారు."

"దానికి భయం యాల? ఊరి పేరు పెట్టుంటే అదే మారిపోతాది గదా."

"పెట్టలేదే! మనకూ వాళ్లకూ ఎన్ని గంటలు తేడానో ఆ అంకె ఏసి పెట్నాను."

ఊరి పేరు రాస్తే, అక్కడ గడియారం ఎప్పుడు ముందుకు జరుగుతుందో, ఎప్పుడు వెనక్కి వస్తుందో ఆ నియమాలన్నీ దాని వెంటే వస్తాయి. ఉత్త అంకెకు ఏమీ తెలియదు. కుప్పం నుంచి కాశ్మీరు దాకా ఒకే టైముతో పెరిగినవాళ్లం, గడియారాన్ని కదిలిస్తారని మనకెక్కడ తడుతుంది? రేపు ఆరు గంటల బండి ఏడింటికి వెళ్తుంది. ఆలస్యమైనవాళ్ల మిషన్ తర్వాతివాళ్లకు ఇచ్చేస్తారు.

"నాయన మిషన్ మీదుండాడు. బావకు సెప్పి నేను బస్సెక్కుతాండా. నా ల్యాప్‌టాప్ ఆడనే ఉండాది" అంది. అంతలో ఫోను తెగింది.

మళ్లీ చేస్తే కలవదు. వెంకటగిరికోట అయినా దాటిందో లేదో తెలియదు. ఆఫీసులో ఆమె ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను, పాస్‌వర్డు తెలియదు. ముక్కూమొహం తెలియని ముసలామె ఎవరో గుమ్మంలో చెప్పులేసుకుని బండి కోసం చూస్తున్నట్టే అనిపించింది.

పుంగనూరులో సిగ్నల్ తగిలింది. మదనపల్లె దాకా ఆగలేక హేమ బస్సు దిగేసింది. హారన్ల మధ్య అరిచి పాస్‌వర్డు చెప్పింది, ఏ ఫైలో చెప్పింది. నేను అంకె తీసేసి ఊరి పేరు రాశాను. రేపటి తేదీ తెరిస్తే ఆరు గంటల బండి ఇంకా ఏడింటికే ఉంది. అదే ఆమెకు చెప్పాను.

"పాత బుకింగులన్నీ మళ్లీ లెక్కెయ్యల్ల! కింద బటన్ ఉండాది సూడు!"

నొక్కాను. ఒక్కొక్క పేరు పక్కన టైము మారింది. చివరి పేరు దాకా ఆరు గంటలే.

"అందరికీ వస్తాది బండి. ఇంక ఏడ్సాకు" అన్నాను. హేమ ఏడుస్తూనే నవ్వింది.

అప్పుడే ఆమెకు ఇంకో ఫోను వచ్చింది. మాట్లాడి, మళ్లీ నా లైన్లోకి వచ్చింది. గొంతులో నవ్వు లేదు.

"ఆస్పత్రి నర్సమ్మ చేసింది. నాయన మిషన్ దిగి శానా సేపయిందంట. బెంచీ మీదనే కూర్చోనుండాడంట. ఆటో ఎక్కమంటే, నా బిడ్డ వస్తాది అంటాడంట."

"మీ బావ పోలేదా?"

"సెప్పలేదే నీలిమా. బావకు ఫోనే సెయ్యలేదు."

తర్వాత, కుప్పం బస్సు యాడ నిలుస్తాదప్పా అని ఎవరినో అడుగుతూ ఆమె పరుగెత్తడం వినిపించింది.