పాతరలో ఉండిపోయిన ఖాజా

నిన్న సాయంత్రం కర్నూలు ఆసుపత్రిలో నా చిన్ననాటి నేస్తం ఖాజా చనిపోయాడు. ఫోన్ వచ్చేసరికి నేను చింతపండులో గింజలు తీస్తున్నాను.

ఆలూరులో మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. నేలలో తవ్వి జొన్నలు దాచే పాతర ఖాళీ అయ్యాక నేనూ ఖాజా సరోజక్కా దాని చుట్టూ కూర్చుని కథ ఆట ఆడేవాళ్లం. కథ నడిపేది సరోజక్క. పాతర అడుగున ఆమె మాటలతోనే ఒక ఊరు కట్టింది. అక్కడ వాన చప్పుడును కుండల్లో పోసి అమ్ముతారు. బావులకు రాతి కోడిపుంజులు కాపలా. ఒక్కో గదిలోకి దిగే ముందు, ఒకవైపు అరగదీసిన చింతగింజలు వేయాలి. తెల్లవైపు ఒక్కటీ పడకపోతే దీపం ఆరినట్టే. పెద్దలు నిజం పాతరలోకి దిగే ముందు దీపం దింపి లోపల గాలి మంచిదో కాదో చూసేవారు, అక్కడి నుంచి తెచ్చిన నియమం అది. దీపం ఆరినవాడు, ఇంకొకరు వెలుగు తెచ్చేదాకా కదలకూడదు.

చివరి గదిలో ఖాజా దీపం ఆరింది. మర్నాడు పాతరలో కొత్త జొన్నలు పోశారు, ఆట అక్కడే ఆగిపోయింది. ఆ ఏడే సరోజక్క పెళ్లయి ఆదోని వెళ్లింది.

తర్వాత ఎప్పుడు కలిసినా ఖాజాది అదే మాట: "ఏమప్పా, నన్ను యాడ ఇడిసిపెట్టినారో గ్యాపకం ఉండాదా? ఈడ శానా చీకటి!"

నవ్వేవాళ్లం. ఆదోని బస్సులో గంట దూరమే. ముగ్గురం మళ్లీ ఒక్కసారీ ఆటకు కూర్చోలేదు.

రాత్రి సరోజక్కకు చెప్పాను. "వానికి దీపం ఎవురు తీసకపోతారప్పా ఇంగ?" అంది.

ఈరోజు మధ్యాహ్నం నమాజు తర్వాత ఆలూరులో ఖననం. అక్కడి నుంచి సరోజక్క మా ఇంటికొస్తుంది. చింతగింజలు అరగదీసి ఉంచమంది.