కందుల బస్తా వెనక చెప్పులు

తాండూరులో పొద్దున్నే నడుస్తుంటే, బండలు కోసే మిషన్ల దగ్గర తడి రాతిపొడి వాసన తగిలింది. వెంటనే అమ్మ పాదాలు గుర్తొచ్చాయి.

నాకప్పుడు ఏడేళ్లు. తమ్ముడు పుట్టగానే చనిపోయాడు. అమ్మ తిండీ మాటా మానేసి, గోడకు ఆనుకుని కూర్చునేది. కొన్నాళ్లకు ఏమనుకుందో, రోజూ తెల్లవారగానే రైల్వే గేటు దాకా గబగబా నడిచి రావడం మొదలుపెట్టింది.

"గా పిచ్చి నడక ఏందే? నలుగురు నవ్వుతున్నరు. దర్గల తాయెత్తు కట్టించుకో, మంచిగైతవ్," అంది నాయనమ్మ.

"తాయెత్తు కట్టుకుంట అత్తమ్మా. నడుసుడు మాత్రం బంద్ చెయ్య. నవ్వెటోళ్లను నవ్వనియ్యి," అంది అమ్మ.

నాకేమో, అమ్మ ఏదో ఒకరోజు రైలెక్కి వెళ్లిపోతుందని భయం. అందుకే ఆమె చెప్పులు కందుల బస్తా వెనక దాచేశాను. అమ్మ కాసేపు వెతికి, ఒట్టి కాళ్లతోనే బయల్దేరింది.

తిరిగొచ్చేసరికి పాదాలకు చీలమండల దాకా తెల్లటి రాతి బురద. ముఖమంతా చెమట. అరుగు మీద కూర్చుని, "బిడ్డా, మస్తు ఆకలైతుంది. రొట్టె ఉన్నదా?" అంది. అమ్మ నోరు తెరిచి తిండి అడగడం ఎన్ని నెలలకో!

మర్నాడు ఆ చెప్పులు నేనే తెచ్చి ఆమె ముందు పెట్టాను. అమ్మ వాటిని తొడుక్కుని గేటు వైపు నడిచింది.

ఈమధ్య నా మనసూ బాగుండటం లేదు. అందుకే నడుస్తున్నాను. మా వాడలోనూ నవ్వేవాళ్లున్నారు. నవ్వుకోండి. కావాలంటే నా చెప్పులు కూడా దాచుకోండి.