పూర్వాభాద్ర పక్కన చుక్క

మా సైన్సు టీచరమ్మ పోయారని ఆమె కూతురు ఫోన్ చేసేటప్పటికి నేను శ్రీసిటీలో, మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. "పొద్దున టిఫినుకు లేపదామని పోతే అమ్మ లేయలేదక్కా. నిద్దర్లోనే పోయింది" అంది ఆ అమ్మాయి. సెలవు పెట్టి నగరి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు. పోయిన నెలలో నాతో నడుస్తూ ఆమె అడిగిన, ఇద్దరికీ జవాబు తెలియని ఒక ప్రశ్నే తలలో తిరుగుతూ ఉండింది.

నగరి హైస్కూల్లో నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆమె మాకు సైన్సు చెప్పేవారు. పొట్టి మనిషి. బోర్డు పైభాగం అందక కిందిసగంలోనే సౌరకుటుంబమంతా ఇరికించి గీసేవారు. ఎవరైనా సరైన జవాబు చెప్పినా వెంటనే మెచ్చుకునేవారు కాదు. "నీకెట్లా తెలుసు?" అని అడిగేవారు. పుస్తకంలో ఉండాది టీచర్ అంటే, "పుస్తకం రాసినాయనకు ఎట్లా తెలిసింది?" అనేవారు. మాకు విసుగొచ్చేది. ఆమెకు మాత్రం ఆ రెండో ప్రశ్న దగ్గరే పాఠం మొదలైనట్టు ముఖం వెలిగేది.

బృహస్పతి, శని లాంటి పెద్ద గ్యాసు గ్రహాలు సూర్యుడికి అంత దూరంలో ఎందుకున్నాయో ఆమె ఎంతో నమ్మకంగా చెప్పారు. దగ్గరుంటే ఆ వేడికి గ్యాసు నిలవదని, అందుకే ఏ సూర్యుడి దగ్గరైనా పెద్దవి దూరంగానే పుట్టి దూరంగానే ఉంటాయని. అప్పటికి లోకంలో ఎవరిని అడిగినా దాదాపు అదే చెప్పేవాళ్లేమో.

నేను చదువు ఆపి మా పవర్‌లూమ్ షెడ్డులో నాయనకు సాయంగా ఉంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆమె నేరుగా షెడ్డులోకి వచ్చేశారు. చేతిలో మడతపెట్టిన పేపరు. మగ్గాల మోతలో ఆమె ఏదో అరుస్తున్నారు, మాకు ఒక్క ముక్క వినపడటం లేదు. ఎవరికో ఏదో అయిందనుకుని నాయన కంగారుగా మగ్గాలన్నీ ఆపేశాడు.

"ఏం టీచరమ్మా, ఎవురికేమైంది?"

"ఎవురికీ ఏం కాలేదప్పా. నేను మీ పాపకి చెప్పింది తప్పంట! బృహస్పతి మాదిరి గ్రహమొకటి, దాని సూర్యుడికి అంటుకున్నట్టు తిరగతా ఉండాదంట. మన బుధుడి కన్నా శానా దగ్గిర. నాలుగు దినాలకే ఒక చుట్టు. ఆడ ఏడాదంటే నాలుగు దినాలే!"

నాయన ఆగిపోయిన మగ్గాల వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. "దీనికా తల్లీ నా మగ్గాలు ఆపిస్తివి?" అన్నాడు. కానీ వెంటనే మగ్గం వెయ్యలేదు. చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "అంత మంటలో గ్యాసు ఎట్లా నిలిచింది మరి?"

టీచరమ్మ అక్కడే నూలు మూటమీద కూర్చుండిపోయారు. "బరువప్పా. అంత బరువుంటే దాని గ్యాసుని అదే గట్టిగా పట్టుకుంటాది. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇంకో సంగతి విను. దానికి ఒక మొగం ఎప్పుడూ మంట వైపేనంట, రెండో మొగానికి ఎప్పుడూ చీకటేనంట. దోసె తిరగెయ్యకుండా పెనం మీద వదిలేసినట్టు."

"అది ఆడికి ఎట్లా చేరింది టీచర్?" అన్నాను నేను.

"యాడో దూరంగా పుట్టి, జరుక్కుంటా జరుక్కుంటా వచ్చిందేమో అంటా ఉండారు. ఆడనే ఎందుకు ఆగిందో ఎవురికీ సరిగ్గా తెలీదు మే!" అన్నారు, ఏదో బహుమతి దొరికినట్టు నవ్వుతూ.

ఆ వారమంతా ఆమె అలాగే మా క్లాసువాళ్ల ఇళ్లకు తిరిగారని తర్వాత తెలిసింది. పెళ్లయిపోయి పుత్తూరులో ఉన్న ఒక అమ్మాయి ఇంటికి కూడా వెళ్లారట. ఎందుకింత శ్రమ అని ఎవరో అడిగితే, "మీ తలల్లో పెట్టింది నేనే గదా, తీసేది ఇంకెవురు?" అన్నారట. ఆ మరుసటి ఏడాది నేను మళ్లీ చదువులో చేరాను. ఆమె నన్ను చదవమని ఒక్కసారి కూడా అనలేదు. తప్పు తెలిసినందుకు అంత సంతోషపడే మనిషిని చూశాక షెడ్డులో కూర్చోబుద్ధి కాలేదు, అంతే.

నాలుగేళ్ల కిందట ఆమె చూపు మసకేసింది. తిరుపతిలో కంటి డాక్టరు దగ్గరకు నేనే తీసుకెళ్లాను. రెండు కళ్లలోనూ నడిమి చూపు పోతోందని, పోయింది మళ్లీ రాదని ఆయన మెల్లగా చెప్పాడు. ఆమె మాత్రం ముందుకు వంగి, "అంచులు నిలుస్తాయా సార్? ఎందుకు నిలుస్తాయి?" అని అడుగుతున్నారు. బయటికొచ్చాక మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "ఆ గ్రహముండే చుక్కని ఒకసారి చూడాల మే. ఇన్నేండ్లూ ఎప్పుడైనా చూడచ్చులే అనుకుంటి."

ఆ కార్తీకంలో, వానలు వెలిశాక, ఆమె కూతురూ నేనూ కలిసి ఆమెను ఊరికి దూరంగా ఒక మామిడితోటకు తీసుకెళ్లాం. చీకటి పడగానే చాప పరిచి పడుకోబెట్టాం. పూర్వాభాద్ర నక్షత్రంలోని రెండు చుక్కలూ నడినెత్తిన ఉన్నాయి, మేము వెతికే చుక్క వాటి పక్కనే. అడిగి తెచ్చిన బైనాక్యులర్స్‌తో ముందు నేను వెతికి, ఆ చిన్న చుక్కను పట్టుకున్నాను. ఎక్కడుందో చెప్పకుండా ఆమె చేతికిచ్చాను. చెప్పొద్దని ఆమె ఆజ్ఞ.

చాలాసేపు ఆమెకు ఏమీ కనపడలేదు. "చాల్లేమ్మా, మంచు పడతా ఉండాది" అంది కూతురు. ఆమె బైనాక్యులర్స్ ఇంకొంచెం పక్కకు జరిపారు. తర్వాత ఉన్నట్టుండి ఊపిరి బిగబట్టారు.

"నేరుగా చూస్తే మాయమైపోతాది. చూపు పక్కకి తిప్పితే వస్తా ఉండాది. రెండు చుక్కల నడిమిన, ఒకరవ్వ పడమరకి. అదేనా?"

అదే. "అదేనమ్మా" అని కూతురే చెప్పింది, తను చుక్కను చూడకపోయినా, నేను తలూపడం చూసి.

"గ్రహం కనపడదు మే. అది తిరగతా తిరగతా ఈ చుక్కని అటూ ఇటూ లాగతా ఉంటాది. ఆ ఊగులాటని పట్టుకున్నారు మహానుభావులు" అన్నారామె, బైనాక్యులర్స్ దించకుండానే. కళ్ల పక్కల నుంచి నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి. తుడుచుకోలేదు.

పోయిన నెలలో ఆమెను చివరిసారి చూశాను. పొద్దున ఇద్దరం వీధిలో నడుస్తూ రంగులద్దేవాళ్ల పెరటి దగ్గరకు వచ్చాం. "అంత వేడికి ఆ గ్రహం దానంతట అదే ఎర్రగా వెలగతా ఉంటాదంట మే. ఏ ఎరుపో?" అంటూ ఆగారు. ఒకాయన మరిగే తొట్టిలోంచి చిలపగా చుట్టిన నూలు కట్టను కర్రతో ఎత్తి తీగమీద వేశాడు. ఆమె దాని దగ్గరగా వెళ్లి నిలబడ్డారు. పొగలు కక్కుతున్న ఆ ముదురు ఎరుపు నూలు నుంచి చుక్కలు ఒక్కొక్కటే మట్టిలోకి రాలుతున్నాయి. వేడి ముఖానికి తగులుతున్నా ఆమె వెనక్కి జరగలేదు.