మామిడిపండ్ల లెక్కకు పైపు దెబ్బలు

కర్నూలు ఊరి బయట ఒక రెసిడెన్షియల్ స్కూల్లో కొన్నేళ్లు లెక్కలు చెప్పాను. మామూలు తరగతులు కాదు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలను ఏరి, ఒలింపియాడ్ పరీక్షల కోసం నాకు అప్పగించారు. సూత్రాలు వల్లె వేయించడం నా పని కాదు. దారి తోచని లెక్క ఎదురైతే ఏం చేయాలో నేర్పడం నా పని. బొమ్మ గీసి చూడు, చిన్న అంకెలతో చేసి చూడు, చివరి నుంచి మొదటికి నడిచి చూడు, తప్పు దారి పట్టావనిపిస్తే సిగ్గుపడకుండా తిరిగి రా. ఇవే నా పాఠాలు.

ఆ పిల్లల్లో ఆలూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. పన్నెండేళ్లు. వాళ్ల నాన్న వానలు నమ్ముకోలేక సేద్యం తగ్గించి రోడ్ల కాంట్రాక్టులు పట్టేవాడు. ఆ అమ్మాయి లెక్క వినగానే కళ్లు మూసుకునేది. తెరిచిందంటే జవాబు దొరికినట్టే.

ఒకరోజు ఈ లెక్క ఇచ్చాను. బనగానపల్లె నుంచి ఒకాయన మామిడిపండ్ల గంపతో బయల్దేరాడు. దారిలో ముగ్గురు చుట్టాలున్నారు. ఒక్కొక్కరి ఇంట్లో గంపలో ఉన్నవాటిలో సగం, పైన ఇంకొకటి ఇచ్చాడు. ఇల్లు చేరేసరికి ఒక్క పండే మిగిలింది. మొదట ఎన్ని?

"ఇరవై రెండు మేడమ్."

"ఎట్లా?"

"ఒకటి మిగిలింది కదా మేడమ్. పైన ఇచ్చిన పండు మళ్లా గంపలో ఏసుకుంటే రెండు. సగం ఇచ్చినాడు కాబట్టి రెట్టింపు చేస్తే నాలుగు. అట్లే ఎనక్కి పోతే పది, ఆ ముందర ఇరవై రెండు."

అదే వారం వాళ్ల మామూలు లెక్కల మాస్టారు ఆ తరహా లెక్కే బోర్డు మీద రాశాడు. ఆయన చేతిలో ఎప్పుడూ కరెంటు వైర్లకు వాడే ప్లాస్టిక్ పైపు ముక్క ఉండేది. అమ్మాయి లేచి జవాబు చెప్పేసింది.

"ఎక్స్ యాడుండాది?" అన్నాడాయన.

"దీనికి ఎక్స్ అక్కర్లేదు సార్."

పిల్లలు నవ్వారు. ఆ నవ్వు ఆయనకు పట్టలేని కోపం తెప్పించింది.

నేను పక్క గదిలో ఉన్నాను. మొదటి దెబ్బకు అరుపు వినిపించింది, తర్వాత అరుపు కూడా లేదు. పరుగెత్తుకెళ్లేసరికి ఆ పిల్ల చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టించి, కణుపుల మీద కొడుతున్నాడు. చర్మం చిట్లి బల్లంతా నెత్తురు. పైపు పట్టుకున్నాను. ఆయన లాక్కుని మళ్లీ ఎత్తాడు. ఆ దెబ్బ నా ముంజేతి మీద పడింది. అయినా మళ్లీ పట్టుకుని వదల్లేదు.

"దీన్ని నెత్తికెక్కించింది మీరే! మీ పని మీరు చూసుకోండి," అని కేకలు వేశాడు.

ఆసుపత్రిలో ఉంగరం వేలి ఎముక విరిగిందన్నారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, మెట్ల మీద జారి పడిందని ఇంట్లో చెప్పమన్నాడు. నేను అమ్మాయి నాన్నకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

మర్నాడు పొద్దున్నే రెండు కార్లు గేటు తోసుకుని వచ్చాయి. అమ్మాయి నాన్న, వెంట నలుగురు మనుషులు. స్టాఫ్ రూములోకి వస్తూనే, "ఆ సారు యాడ?" అన్నాడు. మాస్టారు కుర్చీలోంచి లేవడంతో తెలిసిపోయింది.

తండ్రి ఆయన జుట్టు పట్టుకుని ముఖాన్ని టేబుల్ అంచుకేసి కొట్టాడు. టీ గ్లాసులు పగిలాయి. కింద పడితే మిగతావాళ్లు కాళ్లతో తన్నారు. నిజం చెప్పాలంటే మొదటి దెబ్బకు నా ప్రాణం కుదుటపడింది. ఆయన నోట్లోంచి పళ్లు, నెత్తురు కలిసి రాలినప్పుడు మాత్రం అడ్డం వెళ్లాను.

"పక్కకు పోండి మేడమ్!" అని ఒకతను తోస్తే బీరువాకు గుద్దుకుని పడ్డాను. పెదవి చిట్లింది.

అప్పుడు ఆ అమ్మాయి కట్టు కట్టిన చేత్తో లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"నాయనా! ఇడ్సిపెట్టు!"

ఆయనకు వినపడలేదు. అమ్మాయి వెళ్లి మాస్టారి మీద అడ్డంగా పడింది. అప్పటికే లేచిన తండ్రి చెయ్యి ఆగలేదు. పిల్ల వీపు మీద దబ్బున పడింది.

అమ్మాయి మెల్లగా లేచి తండ్రి ముఖంలోకి చూసింది.

"నువ్వూ ఆ సారు మాదిరే కొడ్తాండావు."

ఆయన మనుషులకు సైగ చేసి, కూతుర్ని కారెక్కించుకుని వెళ్లిపోయాడు.

పోలీసుల దాకా పోకుండా యాజమాన్యం రెండు వైపులా రాజీ కుదిర్చింది. మాస్టారు కడపలో ఇంకో స్కూల్లో చేరాడు. అక్కడా చేతిలో పైపుంటుందని విన్నాను. నా తరగతి ఎత్తేశారు. నేను మానేశాను.

కొన్నాళ్లకు, పిల్లను ఆదివారాలు మా ఇంటికి పాఠానికి పంపమని అడగడానికి బస్సెక్కి వాళ్ల పల్లెకు వెళ్లాను. తండ్రి నులక మంచం వాల్చి కూర్చోబెట్టాడు గానీ నా కళ్లలోకి చూడలేదు.

"శానా అయింది మేడమ్. దానికి సదువు సాలు. ఈడ్నే ఉండనీ."

గడపలో నిలబడ్డ అమ్మాయి అంది: "నేను పోతా నాయనా. అయితే నువ్వు ఇంకెప్పుడూ మనుషులను తోలుకొని రాగూడదు."

ఆయన చాలాసేపు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "రాన్లే," అన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంటి హాల్లోనే పాఠం. పాత పిల్లల్లో సగం మంది వస్తారు. ఆ అమ్మాయి బస్సు దిగి అందరికంటే ముందే వస్తుంది. వేలు అతుక్కుంది గానీ కాస్త వంకరగా. పెన్ను పట్టుకునే తీరు మార్చుకుంది. లెక్కల్లో పదును తగ్గలేదు. కానీ ఎవరైనా వెనక నుంచి వచ్చి పక్కన నిలబడితే చాలు, చెయ్యి చటుక్కున ఒళ్లోకి లాక్కుంటుంది. అది చూశాక కూర్చునే బల్లలన్నీ గోడకు చేర్పించాను. పిల్లలు గోడకు ఆనుకుని కూర్చుంటారు, నేను ఎదురుగా నేల మీద కూర్చుని చెబుతాను.