మామగారి బండి, నా సంచులు

కోరుట్లలో తాగిన టీలో పంచదార తప్ప మరేమీ తగల్లేదు. ఆ దిగులుతోనే చందుర్తి చేరేసరికి ఆయిల్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. పాత మోటార్‌సైకిల్, మామగారిది. ఆయనకు నాకంటే దగ్గరి చుట్టం. సాయంత్రానికి సిరిసిల్లలో అప్పగించాలి.

మెకానిక్ సలీం భాయ్ నా ముఖం చూడలేదు, బండినే చూశాడు. "ఇది మా లెక్కల సారు బండి గదా. అల్లుడా మీరు?"

ఇంజన్ చల్లారేదాకా దాన్ని ముట్టుకోలేదు. నేను మాత్రం చల్లారలేదు. తర్వాత నూనె చుక్కను వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, ఇంజన్ ముందు గార్డుకు వేలాడుతున్న నా బట్టల సంచులు చూపించాడు.

"గాలి తగలకుంట గివి ఎవలు గట్టిండ్రు?"

"నేనే."

"నూనె మాడింది, మారుస్త. గని సారు అడిగితె నేను అబద్ధం జెప్ప."