అత్తగారు కుక్కకు నేర్పిన నిదానం

నేను కాపురానికి వచ్చేటప్పటికి మా అత్తవారి మామిడితోటలో ఒక గోధుమరంగు కుక్క ఉండేది. ఊరికి దూరంగా, తోటలోనే పెరిగింది. మనుషులతో ఎంతో మంచిది. ఇంకో కుక్క కనిపిస్తే మాత్రం వెర్రెత్తిపోయేది. కరవడానికి కాదు, ఆడుకోవడానికి. ఒళ్లంతా ఊపుకుంటూ, అరుస్తూ మీద పడిపోయేది. అవతలిది ఊరుకుంటుందా? చెవి చీల్చి పంపేది. అయినా మర్నాడు మళ్లీ అదే సంబరం.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం చిన్న రసాలు కోసి ఎడ్లబండికెత్తాం. బండివాడి కుక్క బండి కిందే నడుస్తోంది. మాది గేటు దాటి ఒక్క దూకు దూకింది. ఎడ్లు బెదిరి బండి పక్క కాలవలోకి ఒరిగింది. గంపలన్నీ బోర్లాపడ్డాయి. మా ఆయన మండిపడ్డారు.

"దీన్ని రేపే హనుమాన్ జంక్షన్ తీసుకెళ్లి ఏ లారీ డ్రైవరుకో ఇచ్చేస్తా."

మా అత్తగారు గట్టున కూర్చుని నలగని కాయలు ఏరుతున్నారు. ఆవిడ మిషన్ స్కూల్లో ఒకటో తరగతికి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. తలెత్తకుండానే అన్నారు: "ఇద్దువుగానిలే. ముందు నన్నోసారి చూడనీరా."

మర్నాటి నుంచి సాయంత్రాలు దాని మెడకు తాడు కట్టి, కొంగున ఎండుచేప ముక్కలు ముడేసుకుని రోడ్డు మీదికి తీసుకెళ్లేవారు. నేనూ వెంట వెళ్లేదాన్ని. టీకొట్టు దగ్గర ఎప్పుడూ కుక్కలుండేవి. ఆవిడ అక్కడిదాకా వెళ్లకుండా, అవి చిన్నగా కనిపించేంత దూరంలోనే ఆగిపోయేవారు. మాది చెవులు నిక్కించగానే, అరవకముందే, నాలుకతో టక్కుమనిపించేవారు. అది ఇటు తిరిగిందా, నోట్లో చేప ముక్క. గింజుకుంటే తిట్టడం, తాడు గుంజడం లేదు. ఇంకొంచెం వెనక్కి వచ్చేసేవారు.

"ఇంత దూరం నుంచి ఏం నేర్చుకుంటుందండీ?" అన్నాను ఉండబట్టలేక.

"దగ్గరకెళ్తే దానికి నా మాట చెవికెక్కదమ్మా. బళ్లో చేరిన కొత్తలో పిల్లలూ అంతే. ముందు మాట వినపడేచోట నిలబెట్టాలి."

వానాకాలం వెళ్లేటప్పటికి టీకొట్టుకు బాగా దగ్గరయ్యాం. ఒకరోజు కుక్కపిల్ల ఒకటి ఎదురు పరిగెత్తుకొచ్చింది. మాది తాడు లాగేసుకుని పోయింది. ఆవిడ మోకాళ్ల మీద పడ్డారు. లేవదీస్తుంటే, "తొందరపడింది నేనే" అన్నారు. మర్నాడు కుంటుకుంటూ మొదట నిలబడ్డ చోటికే వెళ్లి నిలబడ్డారు. నేనైతే ఆ కుక్కను అప్పుడే వదిలేసేదాన్ని.

మళ్లీ కాపు వచ్చింది. జి. కొండూరు నుంచి వచ్చి పక్కతోట కౌలుకు తీసుకున్నాయన ఒక మధ్యాహ్నం మేం కాయలు కోస్తుంటే నిచ్చెన అడగడానికి వచ్చాడు. వెనకాలే రెండు కుక్కలు! మా ఆయన తాడు కోసం పరిగెత్తబోయారు.

"ఆగరా," అన్నారు అత్తగారు.

మాది ఆవిడ కాళ్ల దగ్గర కూర్చునే వణికిపోతోంది. తోక నేలను టపటపా కొడుతోంది. గొంతులో సన్నగా మూలుగు. కానీ లేవలేదు. ఆవిడ మొహంలోకే చూస్తోంది.

"ఊఁ, వెళ్లు."

మెల్లగా నడిచి వెళ్లి మూతి చాపింది. అవి వాసన చూసి తోకలూపాయి. కోత ఆపేసి అందరం చూస్తున్నాం.

"ఎలా నేర్పావమ్మా?" అన్నారు మా ఆయన.

"ఎంత ఆపుకుందో చూశావా పాపం! నేనే అయితే ఆపుకోలేకపోదును."

కాసేపటికి మూడు కుక్కలూ చెట్ల మధ్య ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. అత్తగారు మంచం వాల్చుకుని, సాయంత్రందాకా వాటి ఆట చూస్తూనే ఉన్నారు.