గాజులు ఎందుకు తీసేసింది?

2022 ఎండాకాలం. నరసరావుపేటలో నేను మానసిక వైద్యురాలిగా ప్రాక్టీసు పెట్టి అప్పటికి పదకొండేళ్లు. డిప్రెషన్ కేసును గుమ్మంలో అడుగు పెడుతుండగానే పోల్చేస్తానని నాకు గట్టి నమ్మకం. అందులో సగం నిజమే. మిగతా సగం సంగతి రత్తమ్మ వచ్చాక తెలిసింది.

రత్తమ్మది రాజుపాలెం వైపు పల్లె, వయసు నలభై రెండు. మాట్లాడిందంతా భర్త కోటయ్యే.

"పొద్దున పదైనా మంచం దిగదు డాక్టరమ్మా. గేదె దగ్గరికి పోదు, పొయ్యి దగ్గరికి పోదు. నేను బతికుండంగానే గాజులు తీసి డబ్బాలో పెట్టింది. ఇంకేం చెప్పేది?"

భర్త ఉన్న మనిషి బోసి చేతులతో తిరిగితే ఇంట్లోవాళ్లు ఎంత హడలిపోతారో మన వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. రత్తమ్మ తలొంచుకుని ఒకే మాట అంది. "నేను పోతే వీళ్లన్నా సుఖపడతారు."

నిద్ర లేదు, ఆకలి లేదు, చావు ఆలోచన ఉంది. డిప్రెషనే, సందేహం లేదు. గాజుల సంగతి కూడా కేస్ షీటులో ఒక లక్షణంగా రాసేసి యాంటీ డిప్రెసెంట్ మొదలుపెట్టాను. ఆమెను ఒంటరిగా వదలొద్దని, పురుగుమందు డబ్బాలు తాళం వేసి పెట్టమని కోటయ్యకు గట్టిగా చెప్పాను.

రెండు నెలలు గడిచాయి. డోసు పెంచాను. నిద్ర కాస్త కుదిరింది గానీ చావు మాట పోలేదు. కోటయ్య విసిగిపోయి, "ఇంక మావల్ల కాదు, పుట్టింట్లో దిగబెట్టొస్తా" అన్నాడు. ఆ మాటకు ఆమె ఏడవను కూడా లేదు. నాకు నిజంగా భయమేసింది. అక్కడ ఈమెను కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఎవరూ లేరు.

మందు మార్చి చీటీ ఇచ్చాను. దాన్ని ఆమె వేళ్లతో పట్టుకోలేదు, రెండు అరచేతుల మధ్య నొక్కిపెట్టి తీసుకుంది.

"చేతులు చూపించమ్మా."

మణికట్లు ఉబ్బి ఉన్నాయి. వేళ్ల కణుపులు ముట్టుకుంటే వెచ్చగా తగిలాయి.

"గాజులు తీసేసింది ఇందుకేనా?"

"ఎక్కవు, దిగవు. ఒరుసుకుంటే ప్రాణం పోతంది. పొద్దున్నే పిడికిలి పడదమ్మా, పాలెట్టా పిండేది?"

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు మనసు డాక్టరు గదా. చేతుల సంగతి మీకెందుకని."

నేను సిగ్గుపడ్డాను.

రక్తపరీక్షలో సీఆర్‌పీ బాగా ఎక్కువగా ఉంది. ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు ఉందని చెప్పే పరీక్ష అది. గుంటూరులో కీళ్ల డాక్టరు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే కీళ్లవాతం అని తేల్చారు. ఆ వాపు తెచ్చే రసాయనాలు కీళ్ల దగ్గరే ఆగవు. మెదడు మీదా పనిచేసి నిద్రను, ఆకలిని, ఉత్సాహాన్ని దెబ్బతీయగలవు. డిప్రెషన్ ఉన్న అందరిలో ఇలా ఉండదు. ఉన్నవాళ్లలో మాత్రం దీన్ని వదిలేసి మనసుకే మందిస్తే చాలాసార్లు పని సగంలో ఆగుతుంది. గుంటూరు డాక్టరు కీళ్లకు మందు మొదలుపెట్టారు, నేను నా మందు ఆపలేదు.

నాలుగైదు నెలలకు రత్తమ్మ మళ్లీ గేదె దగ్గర కూర్చుంది. చావు మాట పోయింది. పుట్టింటి ప్రయాణం ఊసు కోటయ్య మళ్లీ ఎత్తలేదు. ఆయనకు ఒక్క అనుమానం మాత్రం మిగిలింది.

"ఇంతకీ ఇది ఒంటి జబ్బా, మనసు జబ్బా డాక్టరమ్మా?"

నేను పాఠం చెబుదామని గొంతు సవరించుకునేలోపే రత్తమ్మ అందుకుంది.

"ఏదైతే నీకేంది? పడ్డది నేనేగా!"

అప్పటినుంచి ఒంట్లో నొప్పులేమిటో అడగకుండా నేను ఎవరి మనసుకూ మందు రాయలేదు.